ముందుగా వచ్చినవాడు

“ఇది మీ రక్తం కాదండీ,” అంది ల్యాబమ్మ, మైక్రోస్కోపు మీంచి తలెత్తి.

బల్లమీద కాలు చాపుకుని కూర్చున్న పెద్దావిడ తెల్లబోయింది. మేకు గుచ్చుకున్న కాలి బొటనవేలు చీముపట్టి ఉబ్బిపోయింది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

“ఇప్పుడేగా అమ్మాయ్, నా చేతివేలు పొడిచి తీశావు?”

ల్యాబమ్మ గాజుపలక మీద రాసిన పేరు మళ్ళీ చూసుకుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒకరి రక్తం ఇంకొకరి పేరున రాయలేదు. ఇవాళే ఆమెకి ఆఖరి రోజు. రేపు ఈ మైక్రోస్కోపు చోటికి కణాలు లెక్కపెట్టే కొత్త మెషిన్ వస్తోంది.

“ఆడవాళ్ళ తెల్లకణాల్లో నూటికి రెండింటికైనా చిన్న బుడిపె ఉంటుందండీ. ఐదువందలు చూశాను. ఒక్కదానికీ లేదు. ఇదెవరో మగమనిషిది.”

“మగమనిషిదా?” పెద్దావిడ తన వేలివంక చూసుకుంది. రెండో చెయ్యి చాపింది. “ఇంకోసారి తియ్యి.”

ఈసారి రక్తం పూసిన గాజుపలక ఆరేదాకా ల్యాబమ్మ చేతిలోంచి వదల్లేదు.

“ఇంతకీ ఏం చేస్తాయమ్మాయ్, ఆ కణాలు?”

“కాపలా కాస్తాయి. ఒంట్లోకి ఏ క్రిమి దూరినా ముందు పరుగెత్తుకొచ్చేది ఇవే. దాన్ని మింగేసి ఇవీ పోతాయి. మీ వేలి చీములో ఉన్నవి చాలావరకు ఇవే.”

“అయ్యో!” పెద్దావిడ వేలివంక చూసుకుంది. “మా తమ్ముడూ అంతే. నేను గోడ దూకబోయి పడితే, కెవ్వుమనేలోపే వచ్చి వాలేవాడు. దెబ్బ నాకు తగిలితే ఏడుపు వాడిది, వెధవ!”

ల్యాబమ్మ వినడం లేదు. కటకం కింద తెల్లకణాలు తిరునాళ్ళలా కిక్కిరిసి ఉన్నాయి. బుడిపె మాత్రం ఒక్కదానికీ లేదు.

“మళ్ళీ మగమనిషిదేనా?” ఆత్రంగా అడిగింది పెద్దావిడ.

“నా కళ్ళు పోయాయండీ. మెషినే నయమంటే అందరిమీదా విరుచుకుపడ్డాను.” కళ్ళజోడు తీసి పమిటతో కళ్ళొత్తుకుంది.

“నీ కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.” పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. “అప్పట్లో నాకు రక్తం జబ్బు చేస్తే, తమ్ముడు వాడి ఎముకల్లోని మూలుగ ఇచ్చాడు. ఇకనుంచి నీ ఒంట్లో పుట్టేదంతా వాడి రక్తమేనన్నారు డాక్టర్లు. ఏదో మాటవరసకి అన్నారనుకున్నాను. వాడు పోయి పన్నెండేళ్ళయింది.”

ల్యాబమ్మ లేచి స్టూలు ఖాళీ చేసింది. పెద్దావిడ కుంటుకుంటూ వచ్చి, కటకానికి కన్ను ఆనించింది.

“ఏరా,” అంది, “ఇప్పుడూ నువ్వే ముందొచ్చావా?”