మెత్తటి ఒర

కుర్చీలో కూర్చోబోయి తిరువేంగడం “అబ్బా!” అంటూ లేచాడు.

నడుముకున్న రివాల్వర్ మళ్లీ పక్కలో పొడిచింది. చేతిలోని కాఫీ చొక్కా మీద ఒలికింది.

ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. సమ్మె మొదలైనప్పటి నుంచి సింగానల్లూరులోని ఆ నూలు మిల్లులో ఎవరూ దేనికీ నవ్వడం లేదు.

తిరువేంగడం మదురై నుంచి వచ్చి, అక్కడ అసిస్టెంట్ మేనేజరుగా చేరి ఏడాది కాలేదు. మిల్లు గోడ మీద ఎవరో బొగ్గుతో అతని పేరు రాసి, కింద పాడె బొమ్మ గీశారు. అది చూసి యాజమాన్యం రివాల్వర్ ఇచ్చింది. అతను భార్య ముత్తులక్ష్మినీ పిల్లల్నీ తేనిలోని ఆమె పుట్టింటికి పంపేశాడు.

మొదట్లో భయమేసింది. తర్వాత ఆ భయం కూడా పోయింది. తింటే రుచి తెలిసేది కాదు. తిడితే కోపం వచ్చేది కాదు. మనిషి మొద్దుబారిపోయాడు. రివాల్వర్ ఒర ఒరుసుకుని పుండైన చోట మాత్రమే నొప్పి తెలిసేది.

“బజారు చివర ఆరోగ్యసామి అని ఉండాడు సామీ,” అన్నాడు వాచ్‌మన్ వేలుసామి. “చెప్పులు కుట్టేవాడు. తోలుపని నయంగా చేస్తాడు.”

రేకుల పందిరి కింద కూర్చుని ఉన్నాడు ఆరోగ్యసామి. ముసలివాడు.

తిరువేంగడం కోటు పక్కకు తీసి చూపించాడు.

ముసలాయన రివాల్వర్ వైపు చాలాసేపు చూశాడు.

“ఇది మిల్లుదేనా సామీ?”

“అవును. మిల్లుకుండేది ఇది ఒకటే. నాకు ముందరి ఆయన పెట్టుకునుండె. ఎందుకు?”

“ఊరికే అడిగితిని.”

“దినమంతా కట్టుకోవాల. బయటికి తెలియకూడదు. కూర్చుంటే పొడవకూడదు. అట్లాంటి ఒర చేస్తావా?”

“కొంచెం నడవండి సామీ.”

నడిచాడు.

“వంగండి. ఈ పీట మీద కూర్చోండి.”

కూర్చున్నాడు.

“ముందర కట్టుకుంటే పొట్టలో గుచ్చుతాది. చంక కింద అయితే ఈ ఎండకు తోలు చెమటలో నానుతాది. కుడి తుంటికి కాస్త వెనకగా కట్టుకుంటే కోటులో తెలియదు. లోపల మేకతోలు వేస్తాను. మెత్తగా ఉంటాది.”

“చెయ్యి పెట్టంగానే రావాల.”

“పైన పట్టీ, దానికొక గుండీ ఉండాల సామీ. బస్సులో జారి పడితే ఏమి చేస్తారు? దినమూ కట్టుకునేదే గాని, దినమూ తీసేది కాదు గదా.”

“సరి, చెయ్యి.”

తూటాలు తీసేసి రివాల్వర్ అతని ముందు పెట్టాడు. తడి తోలును దాని మీద పరిచి అదుముతూ ముసలాయన మాటిమాటికీ చేతులు తుడుచుకున్నాడు. తోలు తడి అనుకున్నాడు తిరువేంగడం.

కొత్త ఒర కట్టుకుంటే కట్టుకున్నట్టే లేదు. పుండు మానింది. నడుముకు తుపాకి ఉన్న సంగతే మరిచిపోయేవాడు.

ఒక పొద్దున గేటు దగ్గర రాళ్లు పడ్డాయి.

గుంపులోంచి ఒక యువకుడు విడివడి, తిన్నగా అతని మీదికే పరుగెత్తుకొచ్చాడు.

తిరువేంగడం చెయ్యి కోటులోకి పోయింది. పట్టీ తగిలింది. గుండీ ఊడలేదు. లాగాడు. ఊడలేదు.

అంతలో ఆ యువకుడు అతని భుజాలు పట్టుకుని వాచ్‌మన్ గదిలోకి నెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“బయటికి రావద్దు సామీ! సచ్చిపోతారు!”

స్పిన్నింగు ఖాతాలో పనిచేసే తంగవేల్. సమ్మెలో ఉన్నవాడే. అతని నుదుట ఒక రాయి తగిలి రక్తం కారింది.

తిరువేంగడం అతని దెబ్బ వైపు చూడనైనా చూడలేదు. గొడవ అణగగానే నేరుగా పందిరికి పోయి, ఒరను ముసలాయన ముందు విసిరికొట్టాడు.

“గుండీ ఊడలేదు! నా ప్రాణం పోయుంటే?”

ముసలాయన ఒర తీసి దుమ్ము తుడిచాడు.

“ఎవురిదీ పోలేదు గదా సామీ.”

“పని రాకుంటే రాదని చెప్పాల!”

ముసలాయన ఒరను రెండు చేతులా అందించాడు. పాతది పుండు చేస్తుంది గనుక, తిరువేంగడం దాన్నే మళ్లీ కట్టుకున్నాడు.

సమ్మె తీరింది. మిల్లు సైరన్ మళ్లీ మోగింది. షిఫ్టుకు వచ్చేవాళ్లలో తంగవేల్ కనిపించాడు. నుదుట మచ్చ.

“బాగుండారా సామీ?” అని నవ్వి లోపలికి పోయాడు.

తిరువేంగడం తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. ఆ సాయంత్రం బజారు చివర బస్సు దిగాడు. దిగి ఏం చెప్పాలనుకున్నాడో అతనికే తెలియదు.

పందిరి కింద ముసలాయన భార్య సెల్లాయి తోలుముక్కలు మూట కడుతోంది.

“ఆయన లేడా?”

“కామెర్లొచ్చి పోయిన నెల పోయినాడు సామీ.”

తిరువేంగడం అక్కడున్న పీట మీద కూర్చున్నాడు.

“గుండీ ఊడలేదని తిట్టినాను,” అన్నాడు. “ఊడి ఉంటే ఆ దినం ఒక పిల్లోణ్ణి చంపేసుందును.”

“ఊడకూడదనే బిగువుగా కుట్టినాడు సామీ. ఎందుకట్లా అని నేనే అడిగితిని. ‘తుపాకి తీసేలోగా ఎదురుగా ఉండే మనిషి మొగం కనపడనీ’ అనె.”

“ఆ పిల్లోడు, తంగవేల్, మీకు చుట్టమా?”

“ఆ పిల్లోడు ఎవురో మాకు తెలియదు.”

“మరి ఎవురి కోసం?”

“ముందరి సమ్మెలో ఆ తుపాకి దెబ్బకే సామీ,” మూట ముడి వేస్తూనే అంది సెల్లాయి, “మా ఒక్క కొడుకు ఆయన ఒళ్లో పోయినాడు.”