బ్యాటరీ లేని బిళ్ళ

గంగులమ్మ నోటికి ఒక తాళం వేసే వీలుంటే కోడలు స్వర్ణలత ఎప్పుడో వేయించి ఉండేది.

"నలభై రూపాయల బిళ్ళ! బ్యాటరీ గూడా లేదంట. నా ఆవుకు జరమొస్తే అది చెప్తాదంట!" కొట్టం ముందు, గుంజకు ఆనుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని గంగులమ్మ సాగదీస్తోంది.

ఆ బిళ్ళ మనవరాలు వర్షితది. కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతూ తయారుచేసింది. చూలుతో ఉన్న పుంగనూరు ఆవు మెడతాటికి వారం కిందట కట్టింది. గుంజకు బిగించిన రీడరు, బిళ్ళకు తగిలే వేడిని చదివి ఫోనుకు పంపుతుంది.

ఇప్పుడా ఫోను మోగింది. నూటమూడు డిగ్రీలు.

"అమ్మా, ఆవుకు జరం!" వర్షిత అరిచింది.

రేపో మాపో ఈనే ఆవు. స్వర్ణలత గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. పశువుల డాక్టరు రెడ్డెప్ప అరగంటలో బండి మీద దిగి, థర్మామీటరు పెట్టి చూశాడు.

"నూటొకటి. ఆవుకు ఉండాల్సిన వేడే ఇది. యా జరమూ లేదమ్మా. దూడ గూడా బాగుండాది."

ఫోను మళ్ళీ మోగింది. నూటమూడున్నర.

వర్షిత ముఖం వాడిపోయింది. "సోమవారం కాలేజీలో చూపించాల సార్. ఇట్ల తప్పులు చెప్తే ఇంక ఎవురు నమ్ముతారు?"

"నమ్మొద్దని నేను చెప్పలా?" అంది గంగులమ్మ.

అంతే. గంటసేపు సాగాల్సిన దెప్పిపొడుపు ఒక్క మాటతో ఆగిపోవడం స్వర్ణలతకు వింతగా తోచింది. కొంచెం హాయిగానూ ఉంది.

"బిళ్ళ సరిగ్గా తగుల్తాండాదో లేదో సూద్దాం" అంటూ రెడ్డెప్ప, శుక్రవారం పూజకు ఆవు మెడలో వేసిన బంతిపూల దండ పైకెత్తాడు. కింద తాడుంది. బిళ్ళ లేదు.

"అవ్వా, బిళ్ళ యాడ?" అంది వర్షిత.

గంగులమ్మ నడుము దగ్గర చీరమడతలో వెతికి బిళ్ళను బయటికి తీసింది.

"పొద్దున ఆవును కడిగేటప్పుడు తీసి బొడ్లో దోపుకుంటి, మళ్ళా కట్టేది మరిస్తి. నాదే తప్పు పాపా... ఆవు ఈనేదాకా ఆస్పత్రికి పోగూడదని రెండు దినాలుగా నా జరం నేను దాచిపెట్టినా నీ బిళ్ళ దాచలే, సల్లగుండు తల్లీ!"