రేచుకుక్కల కాపు

"వదినా, లోపలికి పరిగెత్తు!"

ఆడపడుచు కేక వినగానే, కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్న వదిన అన్నీ అక్కడే పారేసి చెక్కల షెడ్డులోకి ఉరికింది. ఇద్దరూ కలిసి రేకు తలుపు లాగి గడియ పెట్టారు. కలప మిల్లులో మిగతావాళ్లంతా భోజనాలకు ఇళ్లకు పోయారు. ఫోను కుళాయి గట్టు మీదే ఉండిపోయింది.

వదిన తలుపు సందులోంచి చూసింది. కంచె కింద నుంచి ఒక్కొక్కటే దూరి వస్తున్నాయి. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి కుచ్చు తోకలు. ఊరకుక్కల్లా మొరగడం లేదు. సన్నగా ఈల వేస్తున్నాయి. ఒకటి వేస్తే ఇంకొకటి బదులిస్తోంది.

"రేచుకుక్కలే" అంది, సందులోంచి కన్ను తీయకుండానే. "దుప్పిని బతికుండగానే పీక్కు తింటాయట."

"ఇప్పుడా అవన్నీ చెప్పేది!"

అవి షెడ్డు చుట్టూ తిరిగాయి. గోడ అవతల గోళ్ల చప్పుడు. తలుపు కింద ఒక నల్లటి ముక్కు దూరి గట్టిగా వాసన పీల్చింది. పోయిందనుకుంటే, పోలేదు. ఎదురుగా కూర్చుంది. దాని పక్కన మరొకటి చేరింది.

"నీ కోసమే వదినా. కాస్త కండ ఉన్నదానివి కదా."

"నోర్ముయ్యవే. చావు గుమ్మంలో కూర్చున్నా నీ ఎకసెక్కాలు ఆగవు."

అంతలో మోటారు సైకిల్ మోత వినిపించింది. వదిన ఆ మోత గుర్తుపట్టింది. ఆ బండి ఆమె మొగుడిది.

"రాకయ్యా! వెనక్కి పో!"

"అన్నయ్యా, వద్దు!"

ఇద్దరూ తలుపు బాదుతూ గొంతు చించుకున్నారు. ఇంజను మోతలో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? అతను బండి ఆపి, సరిగ్గా వాటి మధ్యలోనే దిగాడు.

వదిన మూలనున్న గొడ్డలి అందుకుంది. ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుని లాగింది.

"వెళ్లకు వదినా, నువ్వూ పోతావు!"

"పోతే పోతాను. ఆయన్ని పీక్కు తింటుంటే సందులోంచి చూస్తూ కూర్చోమంటావా?"

విదిలించుకుని గడియ తీసేసింది.

రేచుకుక్కలు అతని మీద పడలేదు. అతను నడిచి వస్తుంటే పక్కకి జరిగి దారి ఇచ్చాయి. అతను నవ్వుతూ లోపలికొచ్చి, ఆమె చేతిలోంచి గొడ్డలి తీసి గోడకి ఆనించాడు.

"ఎవర్ని నరుకుదామని బయల్దేరావు, పిచ్చిమొహమా? మొద్దులకి అడవిలోకి వెళ్లినప్పుడల్లా ఇవి నాకు ఎదురవుతూనే ఉంటాయి. మనిషి జోలికి రావు. భయమైతే మళ్లీ గడియ పెడతాలే."

అన్నంత పనీ చేశాడు. వదిన చెక్కల దొంతరకి జారగిలబడి ఏడ్చేసింది. ఆడపడుచు ఆమెను కావిలించుకుని, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"మన జోలికి రానివి, మరి ఇంతసేపు ఎవరి కోసం కాపు కాశాయి అన్నయ్యా?"

"దేన్నో తరుముకొచ్చి ఉంటాయి. అది ఎందులోనైనా దూరితే, బయటికొచ్చేదాకా చుట్టూ ఇలాగే కూర్చుంటాయి. ఇన్ని కలిస్తే వాటికి ఎదురేముంది? ఒక్కోసారి..."

అతని మాట ఆగిపోయింది. చూపు వాళ్లిద్దరి తలల మీదుగా పైకి వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

"ఒక్కోసారి ఏంటి?" అంది వదిన.

దొంతర మీది నుంచి పసుపు బొచ్చు మీద నల్లమచ్చలున్న తోక ఒకటి మెల్లగా ఆమె భుజం మీదికి జారింది.