ఆరూ మిగిలాయి

వచ్చినవాడు కుడిచేయి కోటు జేబులోంచి తీయలేదు.

తలుపు ఎడమచేత్తో నెట్టాడు. గొడుగు ఎడమచేత్తోనే ముడిచి మూలకు ఆనించాడు. వానకు తడిసిన మొహం కూడా ఆ చేత్తోనే తుడుచుకున్నాడు.

పాత సామాన్ల షాపు నడిపే ఆవిడ చూపు ఆ జేబు మీదే ఆగిపోయింది. పోయిన వారం, పట్టపగలే, ఎదురు వరసలోని గడియారాల షాపును దోచుకుపోయారు. ఆ దొంగ కూడా ఇలాగే చేయి జేబులో పెట్టుకుని వచ్చాడట. అప్పటినుంచి తలుపు గంట మోగితే చాలు, ఆమె ఉలిక్కిపడుతోంది.

"ఏం కావాలండీ?"

"ఆ రివాల్వర్ ఒకసారి చూడొచ్చామ్మా?"

షాపులో గ్రామఫోన్లున్నాయి, పింగాణీ బొమ్మలున్నాయి, నిలువెత్తు అద్దాలున్నాయి. ముసలాయన కళ్ళు మాత్రం తిన్నగా వెళ్ళి దాని మీదే వాలాయి.

"అద్దాల పెట్టెలో ఉండగానే చూడండి. బయటికి తీయం."

అంటూనే తలుపు వైపు చూసింది. వాన వల్ల వీధిలో నరమానవుడు లేడు. ఆయన కోటు జేబు ఎత్తుగా ఉబ్బి ఉంది.

ఆయన వంగి చూశాడు. తుపాకీ గొట్టం మీద చెక్కిన రెండు మాటల దగ్గర చూపు ఆగిపోయింది. 'ఆరూ మిగిలాయి.'

"దీని ధర ఎంత పలుకుతుందమ్మా?"

"ఆ రాత లేకపోతే బాగా పలికేది. దానివల్ల సగానికి సగం పడిపోయింది."

"రాతుంటే విలువ తగ్గుతుందా?"

ఎంత భయంలో ఉన్నా విలువ మాటెత్తితే ఆవిడ నోరు ఊరుకోదు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి.

"పేరున్నవాళ్ళ పేరు చెక్కుంటే పెరుగుతుందండీ. ఇది ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో తెలీదు. ఆ అక్షరాలు చూడండి, ఒక్కటీ తిన్నగా లేదు. అలవాటు లేని చేత్తో ఎవరో మేకు పెట్టి గీకినట్టున్నారు. అది చెరిపిస్తేనే తీసుకుంటానని కొనే ఆయన కచ్చితంగా చెప్పాడు. రేపొస్తాడు."

ముసలాయన మొహం పాలిపోయింది.

"చెరపొద్దమ్మా."

"ఎందుకని?"

"దాని సంగతి నాకు తెలుసు. ఉండు, చూపిస్తాను..."

జేబులో చేయి కదిలింది.

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. బల్ల కింద ఉన్న, పక్క బ్యాంకులో మోగే బెల్లు నొక్కింది. నొక్కిన వేలు తీయడం కూడా మరిచిపోయింది. బ్యాంకు వాచ్‌మన్ పరుగున వచ్చి, ఆయన్ని వెనకనుంచి ఒడిసిపట్టి, ఆ చేతిని బయటికి లాగాడు.

చేతిలో ఏమీ లేదు. అసలది చేయిలాగే లేదు. వేళ్ళన్నీ నలిగి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

వాచ్‌మన్ జేబు తిరగేశాడు. బల్ల మీద తుపాకీ గుళ్ళు టపటపా రాలాయి. ఒకటి, రెండు, మూడు... మొత్తం ఆరు.

"అమ్మ బాబోయ్! నా షాపులో నా తుపాకీతోనే నన్ను చంపడానికొచ్చాడు!"

"కాదమ్మా, ఒక్క మాట వినమ్మా..."

ఎవరు వింటారు? పోలీసు జీపు వచ్చింది. "గుళ్ళు ఎవరూ ముట్టుకోకండి, ఇన్‌స్పెక్టర్ గారొచ్చి చూస్తారు" అని చెప్పి, కానిస్టేబుల్ ముసలాయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోయాడు. గుమ్మం దాటుతూ కూడా ఆయన వెనక్కి తిరిగాడు.

"ఆ అక్షరాలు ఉండనివ్వు తల్లీ."

గొడుగు మూలనే ఉండిపోయింది.

ఆమె తలుపు గడియ వేసింది. రేపు వదిలేస్తే? మళ్ళీ వస్తే? వాడి వెనక ఇంకెంతమంది ఉన్నారో? వాడి కన్నంతా ఆ రాత మీదే కదా, అదే లేకపోతే పీడా పోతుంది.

రివాల్వర్ తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. అక్కడ మెరుగుపెట్టే మేస్త్రి ఇత్తడి గంట తోముతున్నాడు.

"ఇది ఇప్పుడే చెరిపెయ్యి మేస్త్రీ."

"రేపు పొద్దున అన్నావు కదక్కా. సానపెడితే ఇనుము పైనున్న నీలం పూత కూడా పోతుంది. పోయింది మళ్ళీ రాదు, ఆలోచించుకో."

"ఆలోచించేదేం లేదు. కానియ్."

సానచక్రం గిర్రున తిరిగింది. ఆ రొదకి మేడ మీదున్న తండ్రి చేతికర్ర ఊతంగా దిగొచ్చాడు. ఆయనకు తుపాకులంటే అస్సలు పడదు. ఆమె రివాల్వర్ కొన్న నెల రోజులనుంచీ షాపులో అడుగే పెట్టలేదు.

"ఏమిటే ఈ గోల? జీపెందుకొచ్చింది?"

ఆమె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది. బల్ల మీది గుళ్ళు చూపించింది. తండ్రి వాటిని లెక్కపెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"తుపాకీ మీద ఏమని రాసుందన్నావు?"

"ఆరూ మిగిలాయి అని."

"ఆయన... ఆ చేయి... ఏ చేయి?"

"కుడిచేయి. నుజ్జునుజ్జయిపోయి ఉంది. ఏమైంది నాన్నా? నాకు భయమేస్తోంది."

లోపల సానచక్రం ఆగింది. మేస్త్రి రివాల్వర్‌ని గుడ్డతో తుడుస్తూ బయటికొచ్చాడు.

"చూడక్కా, గీత కూడా లేదు."

తండ్రి చేయి చాపి దాన్ని అందుకున్నాడు. ఆయన తుపాకీ ముట్టుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. నున్నటి ఇనుము మీద వేళ్ళతో వెతికాడు.

"నువ్వు పుట్టకముందు, సమ్మెలో మిల్లు గేటు ముందు నిలబడ్డ మా ఆరుగురినీ కాల్చమని ఒక గార్డుకిచ్చిన గుళ్ళమ్మా ఇవి, కాల్చనన్నందుకు ఆయన చేతిని ఆ గేటు సందులోనే పెట్టి నలిపేశారు."