భయస్తుడు

"మేం పొద్దుగాల్నుంచి కూసున్నం. మీరు నడుమ జొరబడుడేంది పెద్దాయనా?" సునీత గట్టిగానే అడిగింది.

సుబేదారిలోని ఆ పళ్ల దవాఖానలో అందరూ తిరిగి చూశారు.

"పన్ను జర గుంజుతాంది బిడ్డా," అన్నాడు ముసలాయన, ఏ మొహమాటమూ లేకుండా.

సునీతకు ఒళ్లు మండింది. పక్కనే ఆమె అన్న బాలరాజు, చెంప వాచి తల దించుకుని కూర్చున్నాడు. అతనికి ఏళ్లుగా మనసు జబ్బు. అన్నం మానేసి చెంప కొట్టుకుంటుంటే, పిచ్చి ముదిరిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. పుచ్చిన పన్నని ఎవరికీ తట్టలేదు, పాపం! మొన్న ఇక్కడికి తీసుకొస్తే కుర్చీని చూడగానే రోడ్డు మీదికి ఉరికాడు. ఇవాళ కూడా పన్ను తీయకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ తేజస్వి చెప్పేసింది.

ముసలాయన లోపలి గదిలోకి వెళ్లి కుర్చీ ఎక్కి కేక పెట్టాడు.

"అమ్మో, నాకు భయమైతాంది! తలుపు ఏయకుండ్రి! ఓ కొడుకా, జర వచ్చి నా చెయ్యి పట్టుకో!"

పిలిచింది బాలరాజును.

"ఈ వయసుల గింత పిరికితనమా!" సునీత గొణిగింది.

బాలరాజు లేచాడు. అతన్ని రెక్క పట్టి లాగినవాళ్లే గానీ, సాయం అడిగినవాళ్లు ఇన్నేళ్లలో లేరు. మెల్లగా వెళ్లి ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరమ్మ అద్దం పెట్టి చూస్తుంటే తనూ వంగి చూశాడు.

"ఏం గాదు తాతా," అన్నాడు.

సునీత నిర్ఘాంతపోయింది. అన్న నోట మాట విని ఎన్నాళ్లయిందో!

"గింతేనా!" ముసలాయన నవ్వుతూ దిగాడు. "ఇగ నువ్వు కూసో. నేను పట్టుకుంట."

బాలరాజు కూర్చున్నాడు. సూది చూసి బిగుసుకుపోయాడు గానీ ఆ చెయ్యి వదల్లేదు. పన్ను బయటికొచ్చింది.

సునీతకు కన్నీళ్లు ఆగలేదు. అన్న మూతి తుడిచి తలెత్తేసరికి ముసలాయన లేడు. గుమ్మం దాకా ఉరికినా కనబడలేదు.

"ఆయన్ని ఊకెనే తిట్టిన మేడం. పంటికి ఏం చేయించుకోకుండనే పోయిండు."

"రాయమల్లు తాత పళ్లకేం గాలేదమ్మా," అంది తేజస్వి. "మీ అన్నసొంటోడే ఆయన కొడుకు, పంటి చీముతోనే సచ్చిపోయిండు, అప్పటిసంది కుర్చీకి భయపడేటోళ్లు వచ్చే రోజు నేను ఫోన్ చేస్తే చాలు, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సెక్కొచ్చి వాళ్లకన్న ముందు తను కూసుంటడు."