సీలు తీయని గడియారం

"చెయ్యి తియ్యి! ముట్టుకోకు!"

డ్రైవింగ్ స్కూలు మాస్టారు పెట్టిన కేకకి ఆయన భార్య చేతిలోని గుడ్డ జారి కిందపడింది.

"దుమ్ము తుడుస్తున్నానండీ."

"వేలిముద్ర పడిందంటే రేటు పడిపోతుంది. కాసేపట్లో కొనే ఆయన వస్తున్నాడు. కొన్నదానికి రెట్టింపు ఇస్తానన్నాడు, తెలుసా?"

బీరువా పై అరలో ఆ పెట్టె ప్లాస్టిక్ పొర కప్పుకుని తళతళలాడుతోంది. లోపల ఖరీదైన విదేశీ చేతిగడియారం. వాషింగ్ మెషీన్ కోసం భార్య కూడబెట్టిన డబ్బుకి తన బోనసు కలిపి మాస్టారు కొన్నాడు. కొన్నాక చేతికి పెట్టుకోలేదు సరికదా, ఆ పొర కూడా విప్పలేదు.

"పెట్టుకోని గడియారం ఎందుకండీ అని నస పెట్టావే! ఇప్పుడేమంటావు? గడియారం టైం చూసుకోవడానికి కాదే, పెట్టుబడి! బంగారం కూడా దీని ముందు బలాదూర్."

భార్య దొంగకి తేలు కుట్టినట్టు తల దించుకుని కిందపడ్డ గుడ్డ తీసుకుంది. ఎందుకంటే ఆ పెట్టెలో గడియారం లేదు. ఆవిడ పనిచేసేది ఒక ఫ్యాన్సీ షాపులో, గిఫ్టులు ప్యాక్ చేసే కౌంటర్లో. పెట్టెకి ప్లాస్టిక్ పొర చుట్టి వేడిగాలితో బిగించడం ఆవిడకి ఎడమచేతి పని. మొన్న ఎండాకాలంలోనే గడియారం తీసి అమ్మేసి, ఆ డబ్బుతో వాషింగ్ మెషీన్ కొని, "మా షాపు లక్కీ డ్రాలో తగిలిందండీ" అని చెప్పింది. గడియారం స్థానంలో అంతే బరువు తూగే బట్టల సబ్బు ముక్క పెట్టి, పెట్టెకి కొత్త పొర బిగించేసింది.

సంగతి బయటపడితే మాస్టారు ఇల్లు పీకి పందిరేస్తాడు. అది ఎలాగో భరించవచ్చు. కానీ వాషింగ్ మెషీన్ని కూడా అమ్మేస్తాడు. ఆవిడ గుండెదడంతా దాని గురించే.

కాలింగ్ బెల్ మోగింది. బూడిదరంగు సూటు వేసుకున్నాయన నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. వస్తూనే చేతులకి తెల్లటి గ్లవ్స్ తొడుక్కున్నాడు. అది చూసి మాస్టారు పొంగిపోయాడు.

"చూశావా? అదీ పద్ధతంటే!" అన్నాడు భార్యతో.

సూటాయన జేబులోంచి చిన్న కాటా తీసి పెట్టెని తూచాడు. "బరువు సరిపోయింది," అన్నాడు. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. తర్వాత పెట్టెని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది.

"చప్పుడు లేదేంటి మాస్టారూ?"

"కీ ఇస్తే కదండీ చప్పుడయ్యేది! ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. ఇదీ అంతే."

"అదీ నిజమే." సూటాయన ఈసారి పెట్టెని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నిమ్మకాయ వాసనొస్తోందే?"

భార్య గబగబా వెళ్ళి కిటికీ తలుపులు తెరిచింది. మాస్టారు మాత్రం తడుముకోకుండా, "విదేశీ తోలు పట్టీ అండీ! మన తోలులా కంపు కొడుతుందా?" అన్నాడు.

"అవునవును. అసలు సరుక్కి ఈ వాసనే గుర్తు," అని సూటాయన తలూపి, సంచిలోంచి నోట్ల కట్టలు తీసి బల్ల మీద పేర్చాడు. అన్నిటికీ బ్యాంకు సీళ్ళు ఉన్నాయి.

మాస్టారు ఒక కట్ట తీసుకుని సీలు మీద గోరు పెట్టాడు. వెంటనే సూటాయన పెట్టె పొర అంచు కింద వేలు పెట్టాడు.

"అయ్యో, మీరేం చేస్తున్నారండీ?"

"మీరు చూసుకుంటున్నారుగా, నేనూ చూసుకుంటా."

"వద్దు వద్దు!" మాస్టారు కట్టని నిప్పుకణికలా వదిలేశాడు. పొర చిరిగాక ఈ పెద్దమనిషి వద్దని వెళ్ళిపోతే తన గతేంటి? "మనలో మనకి అనుమానాలేంటండీ! ఇద్దరం పెట్టుబడిదారులం."

"అదీ మాటంటే," అని సూటాయన కూడా వేలు తీసేశాడు. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు. సూటాయన పెట్టెని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారు నోట్ల కట్టల్ని గుండెకి హత్తుకుని గదంతా గిరగిరా తిరిగాడు. "ఈసారి రెండు కొంటానే! నీకొకటి, నాకొకటి! రెండూ విప్పం!"

భార్య నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. గండం గడిచింది, వాషింగ్ మెషీన్ దక్కింది. కానీ పాపం ఆ పెద్దమనిషి అంత డబ్బు పోసి బట్టల సబ్బు పట్టుకుపోతున్నాడు. ఆ పాపం ఊరికే పోతుందా? ఏ బిడ్డల నోటి దగ్గర కూడో ఏమో. మెషీన్ పోతే పోయింది, ఈ చేతులు అరిగిపోయాయా ఏంటి! చెప్పుల్లేకుండానే మెట్లు దిగి పరిగెత్తింది.

"అన్నయ్యగారూ, ఆగండి!"

సూటాయన ఆఖరి మెట్టు మీద ఉలిక్కిపడి ఆగాడు. సంచిని గట్టిగా పట్టుకున్నాడు.

"అందులో గడియారం లేదండీ," అందావిడ రొప్పుతూ. "సబ్బుంది. మా ఆయనకేం తెలీదు, చేసిందంతా నేనే. మీ డబ్బు మీకు తెచ్చిచ్చేస్తాను. పోలీసుల దాకా మాత్రం వెళ్ళకండి, మీకు దణ్ణం పెడతాను."

సూటాయన ముఖం పాలిపోయింది. సంచి వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. గ్లవ్స్ ఊడదీసి, నీరసంగా మెట్టు మీద చతికిలబడ్డాడు.

"తేవద్దులేమ్మా," అన్నాడు. "మీ సబ్బుతో బట్టలైనా ఉతుక్కోవచ్చు. నా కట్టల్లో పైదీ కిందదీ తప్ప అన్నీ తెల్లకాగితాలే."