చివరి బెంచీ ఆవిడ

"మళ్లీ వచ్చి కూర్చుందే ఆవిడ!"

పిల్లల వార్డు సిస్టర్ మోచేత్తో పొడిచింది.

ఠంచను సిస్టర్ పెన్ను కింద పడేసి, తీసుకునే నెపంతో వెనక్కి చూసింది.

చివరి బెంచీలో బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒకావిడ. పుస్తకం లేదు, పెన్ను లేదు. పాఠం చెబుతున్న మేడమ్ వైపు చూడదు. పాఠం వింటున్న నర్సుల ముఖాలే ఒక్కొక్కటిగా చూస్తూ ఉంటుంది.

క్యాన్సర్ ముదిరి ఇక వైద్యం పనిచేయని వాళ్లని చివరిదాకా నొప్పి లేకుండా ఎలా చూసుకోవాలో సీనియర్ నర్సులకు నేర్పే క్లాసు అది. ఇందులో ఫస్టు వచ్చిన వాళ్లకే కొత్తగా తెరిచే వార్డు అప్పగిస్తారు.

ఆ వార్డు ఠంచను సిస్టర్‌కి కావాలి. డ్యూటీకి ఒక్క నిమిషం ఆలస్యంగా రాదని ఆమెకా పేరు. వాళ్లమ్మ నొప్పితో అరిచి అరిచి పోయింది. నర్సయి ఉండి కూడా పక్కన కూర్చుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. తన చేతుల్లో ఇంకెవరూ అలా పోకూడదని ఆమె పంతం.

"ఎంతకాలం బతుకుతానని పేషెంటు అడిగితే ఏం చెబుతారు?" మేడమ్ అడిగింది.

అందరూ పుస్తకంలో ఉన్నది అప్పజెప్పారు.

"తెలియదనే చెబుతాను మేడమ్. చెప్పి, లేచి వెళ్లిపోకుండా అక్కడే కూర్చుంటాను," అంది ఠంచను సిస్టర్.

క్లాసంతా కిసుక్కున నవ్వింది. శాలువా ఆవిడ నవ్వలేదు. ఠంచను సిస్టర్ మీద పెట్టిన చూపు ఇక తిప్పలేదు.

"అయిపోయావే నువ్వు," అంది పిల్లల వార్డు సిస్టర్ క్యాంటీన్‌లో. "ఆవిడెవరో నాకు తెలిసిపోయింది. పరీక్షకి పేషెంటు వేషాలు కట్టడానికి నాటకాల వాళ్లని పిలుస్తారు కదా, వాళ్ల మనిషే."

"పరీక్ష వచ్చే వారం కదా?"

"అక్కడే ఉంది కిటుకు. పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి గదిలో బ్రహ్మాండంగా చేసిందట. బయట మెట్ల దగ్గర ఎవరో ఏదో అడిగితే విసుక్కుందట. అంతే, ఫెయిల్! అదీ పరీక్షేనట."

"ఎవరు చెప్పారు?"

"అందరూ అంటున్నారు."

అందరూ అంటున్నాక ఇంక సాక్ష్యం ఎవరికి కావాలి? ఇద్దరూ కిటికీలోంచి తొంగి చూశారు. శాలువా ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది.

"మేకప్ చూడవే! కళ్ల కింద నలుపు ఎంత బాగా వేశారో."

"బుగ్గలు కూడా పీక్కుపోయినట్టు..."

"ఘటికురాలు. ఆయాసం కూడా తెప్పించుకుంటోంది!"

ఆ రోజు నుంచి ఠంచను సిస్టర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని మసలింది. ఆవిడ ఎదురుపడితే చాలు, ముఖానికి ఓ చిరునవ్వు పులుముకునేది.

పరీక్ష రోజు పేషెంటు వేషంలో ఒక గడ్డం ఆయన మంచమెక్కి మూలిగాడు. సిస్టర్ ఓపిగ్గా మాట్లాడింది. మేడమ్ మెచ్చుకోలుగా తలూపింది.

హమ్మయ్య అనుకుంటూ బయటికొచ్చేసరికి, లిఫ్టు దగ్గర శాలువా ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది.

"ఒక్క మాట అమ్మాయ్."

వచ్చింది అసలు పరీక్ష, అనుకుంది సిస్టర్. తలెత్తి చూసింది. మూలన కెమెరా ఉండనే ఉంది.

"నాకు చావంటే భయం లేదు. నొప్పంటే భయం. అది వచ్చినప్పుడు నువ్వు నా పక్కన ఉంటావా?"

ఆవిడ గొంతు వణికింది. ఎంత బాగా వణికించిందో అనుకుంది సిస్టర్.

నిలబెట్టుకోగలమో లేదో తెలియని మాట రోగికి ఇవ్వకూడదు. పాఠంలో ఉంది.

"మీ ఆందోళన నాకు అర్థమైందండీ. మిమ్మల్ని చూస్తున్న డాక్టరు గారితో మాట్లాడండి, తగిన ఏర్పాటు చేస్తారు."

"అది కాదమ్మా. నేను నిన్ను అడుగుతున్నాను."

ఉచ్చు బిగిస్తోంది. సిస్టర్ చిరునవ్వు చెదరనివ్వలేదు.

"సొంతంగా మాటివ్వడానికి మాకు వీల్లేదండీ."

ఆవిడ కాసేపు ఆ చిరునవ్వునే చూసింది.

"సరేలే తల్లీ," అని వెళ్లిపోయింది.

గండం గట్టెక్కిందని సిస్టర్ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

తర్వాతి వారం ఫలితాలు వచ్చాయి. ఠంచను సిస్టరే ఫస్టు. మేడమ్ తన గదికి పిలిచి వార్డు తాళాలు చేతిలో పెట్టింది.

"లిఫ్టు దగ్గర మీరు పెట్టిన పరీక్ష మాత్రం అసాధ్యం మేడమ్. ఆవిడ గొంతు కూడా వణికించింది. అయినా నేను తడబడలేదు."

"లిఫ్టు దగ్గర పరీక్షేమిటి?"

"అదే మేడమ్, శాలువా ఆవిడ. మీరు పిలిపించిన నాటకాల ఆవిడ."

"నేను పిలిపించింది ఇద్దరినే. ఇద్దరూ మగవాళ్లే."



"మరి... ఆవిడ?"

"నా పేషెంటు. ఎవరికీ చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. తెలిస్తే అందరూ తన ముందు మంచిగా ఉంటారంది. మొన్న పొద్దున పోయింది."

"నొప్పి... నొప్పి తెలిసిందా మేడమ్?"

"లేదు, మందు సరిపోయింది. పక్కన మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు."

సిస్టర్ చేతిలోని తాళాలు చూసుకుంది.

"పేషెంటుకి క్లాసులో ఏం పని మేడమ్?"

మేడమ్ కిటికీ వైపు తిరిగింది.

"చివర్లో తన చెయ్యి పట్టుకునే మనిషిని తనే వెతుక్కుంటానంది. ఆ మనిషివి నువ్వేనని చెప్పి, నిన్ను అడిగి వస్తానని ఆ రోజు లిఫ్టు దగ్గరికి వెళ్లింది."